ఎంగేజ్ టోన్ వినేది మనం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. చిన్న, మధ్యతరహా ఆఫీసులకు ఇక ప్రత్యేకంగా టెలిఫోను వ్యవస్థ అక్కర్లేదని, ప్రతి ఉద్యోగి జేబులోనూ సెల్‌ఫోను ఉండగా బల్లమీద ఫోన్లు, గోడకు ఎక్స్‌చేంజి పెట్టె దండగ ఖర్చని మీ పత్రిక వాణిజ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. నలభై మంది పనిచేసే ఒక ఆఫీసులో చాలా ఏళ్లుగా పరిపాలన బాధ్యతలు చూస్తున్నవాడిని. రెండుసార్లు టెలిఫోను వ్యవస్థను మార్పించి, అందులో ఒకసారి చేతులు కాల్చుకున్నవాడిని కూడా. ఆ అనుభవంతో ఆ వ్యాసంలో సగానికి తలూపుతూ, మిగతా సగం గురించి కొంత వివరంగా రాయదలచుకున్నాను. ఉత్తరం నిడివి పెరిగితే మన్నించగలరు.

తలూపిన సగం ఇది. గోడకు బిగించిన పెట్టె, దానినుంచి ప్రతి బల్లకూ లాగిన రాగి తీగల కట్ట, ఒకరి ఎక్స్‌టెన్షన్ (ఆఫీసు లోపలి ఫోను) ఒక గదిలోంచి మరో గదిలోకి మార్చాలన్నా టెక్నీషియన్ వచ్చేదాకా ఆగడం, ఇవన్నీ కాలం చెల్లుతున్న సంగతులే. అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే యువకుడు తన చిన్న సంస్థకు ఎక్స్‌చేంజి కొనే స్తోమత లేక, మామూలు కంప్యూటర్‌నే ఎక్స్‌చేంజిగా పనిచేయించే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1999లో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఇంటర్నెట్ మీద కాల్ కలిపే పద్ధతి అయిన సిప్‌కు 2002 నాటికి స్థిరమైన రూపం వచ్చింది. అప్పటినుంచి ఒక కంపెనీ ఫోను మరో కంపెనీ ఎక్స్‌చేంజితో పనిచేయడం సాధారణమైంది. కాబట్టి పెట్టె పోవచ్చు. కానీ పెట్టె ఇన్నాళ్లూ చేసిన పని పోదు. బయటినుంచి వచ్చిన కాల్ ఎవరి దగ్గర మోగాలి, వారు లేకపోతే ఎవరి దగ్గర మోగాలి, ఎవరూ తీయకపోతే ఆ మనిషికి ఏమని చెప్పాలి అన్నవి ఎవరో ఒకరు నిర్ణయించాల్సిందే. వ్యాసకర్త పెట్టెనూ, దాని పనినీ ఒకటిగా జమకట్టారు.

ఉద్యోగుల సొంత సెల్‌ఫోన్లతో నడిపే ఆఫీసులో ఈ నిర్ణయాన్ని ఎవరూ తీసుకోరు. అది దానంతటదే జరిగిపోతుంది. ఖాతాదారు దగ్గర ఏ ఉద్యోగి నంబరు ఉంటే ఆ ఉద్యోగే ఆఫీసు. అతను సెలవులో ఉంటే ఆఫీసు సెలవులో ఉన్నట్టు, అతను ఉద్యోగం మానేస్తే ఆఫీసు కూడా అతనితోపాటు వెళ్లిపోయినట్టు. మా దగ్గర అమ్మకాల విభాగంలో పనిచేసిన ఒకాయన మానేసిన తర్వాత కూడా కొన్ని నెలలపాటు పాత ఖాతాదారులు ఆయనకే ఫోను చేస్తూ వచ్చారు. ఆయన మర్యాదస్తుడు కనుక ప్రతివారికీ ఓపికగా మా నంబరు చెప్పి పంపాడు. అందరూ అలా ఉంటారనీ, ఉండాలనీ అనుకోవడానికి లేదు. ఉద్యోగి వైపునుంచి చూసినా ఇది న్యాయం కాదు. రాత్రి తొమ్మిదింటికి వచ్చే కాల్ ఆఫీసుదో సొంతపనిదో తెలియక ఎత్తాల్సి రావడం, ఎత్తకపోతే మర్నాడు సంజాయిషీ చెప్పాల్సి రావడం జీతంలో భాగం కాదు కదా.

ఇక నేను ప్రధానంగా చెప్పదలచిన విషయానికి వస్తాను. టెలిఫోను వ్యవస్థలో లోపం ఉంటే ఆ లోపం కనబడేది ఆఫీసులో ఉన్నవారికి కాదు. లైన్లన్నీ నిండిపోయినప్పుడు వచ్చే ఎంగేజ్ టోన్ వినేది అవతలివారు. ఇరవైసార్లు మోగి ఆగిపోయిన ఫోను సంగతి తెలిసేది అవతలివారికి. రికార్డు చేసిన గొంతు చెప్పిన అంకెలన్నీ నొక్కి, చివరికి మళ్లీ మొదటికే వచ్చి, విసిగి పెట్టేసేదీ వారే. లోపల కూర్చున్న మనకు ఆ సమయమంతా ప్రశాంతంగానే గడుస్తుంది. అందుకే ఏ ఆఫీసు యజమానిని అడిగినా "మా ఫోన్లు బాగానే పనిచేస్తున్నాయి" అనే జవాబు వస్తుంది. ఆయన చెబుతున్నది అబద్ధమేమీ కాదు. తన చెవికి వినిపించినంత మేరకు బాగానే ఉన్నాయి.

ఈ బాధ ఈనాటిది కాదు. 1878 జనవరిలో అమెరికాలోని న్యూహేవెన్‌లో 21 మంది చందాదారులతో తొలి వాణిజ్య ఎక్స్‌చేంజి మొదలైన నాటినుంచీ కాల్‌ను కలిపేది ఆపరేటర్ చేతులే. కాన్సాస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి ఆల్మన్ స్ట్రౌజర్‌కు, తనకు రావలసిన కాల్స్‌ను ఎక్స్‌చేంజిలో పోటీదారు వైపు మళ్లిస్తున్నారన్న అనుమానం పట్టుకుందని చెబుతారు. ఆపరేటర్ అక్కర్లేకుండా కాల్స్ కలిపే యంత్రానికి ఆయన 1891లో పేటెంటు పొందాడు, మరుసటి ఏడు ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో ఆ పద్ధతిలో ఎక్స్‌చేంజి నడిచింది. ఆయన అనుమానం నిజమో కాదో గానీ, తనకు రాకుండా పోయిన కాల్ గురించి అంతగా ఆలోచించిన వ్యాపారి మరొకరు నాకు తారసపడలేదు. మనలో చాలామందికి వచ్చిన కాల్ మీదున్న శ్రద్ధ రాని కాల్ మీద ఉండదు.

రాని కాల్‌ను లెక్కపెట్టడానికి పద్ధతి కూడా ఎప్పుడో తయారైంది. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త ఎర్లాంగ్ ఇన్ని కాల్స్ వచ్చే చోట ఇన్ని లైన్లుంటే ఎంతమందికి ఎంగేజ్ వస్తుందో చెప్పే సూత్రాన్ని 1917లో ప్రచురించారు. నేటికీ అదే వాడుకలో ఉంది. దాన్ని ఒక ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే మేము మొదట చేసిన పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది. రద్దీ గంటలో అరవై కాల్స్ వస్తాయనుకుందాం. ఒక్కొక్కటి సగటున మూడు నిమిషాలు. మొత్తం 180 నిమిషాల సంభాషణ, అంటే మూడు లైన్లు గంటంతా నిండుగా నడిచినంత పని. గుమాస్తా లెక్క ప్రకారం మూడు లైన్లు చాలు, నాలుగుంటే ధారాళం. అయితే కాల్స్ వరసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు. ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలపాటు ఒక్కటీ రాదు, ఒక్కోసారి ఒకే నిమిషంలో నాలుగు వస్తాయి. ఎర్లాంగ్ సూత్రంలో వేసి చూస్తే, మూడు లైన్లున్నప్పుడు ప్రతి వందమందిలో సుమారు 35 మందికి ఎంగేజ్ వస్తుంది. నాలుగుంటే 21 మందికి, ఆరుంటే అయిదుగురికి. వందలో ఒకరికన్నా తక్కువమందికి రావాలంటే ఎనిమిది లైన్లు కావాలి. పని మూడు లైన్లదే అయినా ఎనిమిది ఎందుకు కావాలో ఒప్పించడానికి మా యజమాని దగ్గర నాకు రెండు సమావేశాలు పట్టింది. ఎంగేజ్ వచ్చినవారు ఊరుకోకుండా వెంటనే మళ్లీ చేస్తారు గనుక అసలు పరిస్థితి ఈ అంకెలకన్నా కాస్త అధ్వానంగానే ఉంటుందని కూడా చెప్పాలి.

కాబట్టి ఏ వ్యవస్థ కొనాలన్న ప్రశ్నకు ముందు, రెండు వారాలపాటు కాల్స్ లెక్కపెట్టడం అన్న పని ఉంది. ఏ గంటలో ఎన్ని వచ్చాయి, ఎంతసేపు సాగాయి, ఎన్ని ఎత్తకుండా ఆగిపోయాయి అన్న మూడు విషయాలు చాలు. ఉన్న ఎక్స్‌చేంజి ఎలక్ట్రానిక్‌ది అయితే దాదాపు ప్రతిదానిలోనూ కాల్ వివరాలు నమోదవుతాయి. ఎవరూ తెరిచి చూడరంతే. లైన్లన్నీ నిండి వెనక్కి పోయిన కాల్స్ మాత్రం ఆఫీసు ఎక్స్‌చేంజిలో నమోదు కావు, అవి లోపలిదాకా రానే రావు కదా. వాటి వివరం టెలిఫోను సంస్థనే అడగాలి. అడిగితే ఇస్తారా అంటే, మాకు మూడోసారి అడిగినప్పుడు ఇచ్చారు. ఇవేమీ తెలుసుకోకుండా కాన్ఫరెన్స్‌లో ఎంతమంది ఉండవచ్చు, తెర ఎంత పెద్దది, వీడియో ఉందా అని కరపత్రాలు పోల్చి చూడడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది.

ఇక్కడే మరో అపోహ తొలగించాలి. నంబర్లు వేరు, లైన్లు వేరు. ఒక్క నంబరుకు డయల్ చేసినవారికి పది లైన్లలో ఏది ఖాళీగా ఉంటే అది దొరికేలా చేయవచ్చు. దీన్నే హంటింగ్ అంటారు. అలాగే ఎనిమిది లైన్ల మీదనే నలభై మందికి నలభై విడి నంబర్లు ఇచ్చి, బయటివారు రిసెప్షన్ ప్రమేయం లేకుండా నేరుగా ఆ మనిషి బల్లకే డయల్ చేసే వీలూ కల్పించవచ్చు. ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడగలరు, అంతే తేడా. పెద్ద ఆఫీసులకు ఇచ్చే డిజిటల్ లైను ఒక్కటే ఒకేసారి ముప్ఫై సంభాషణలను మోస్తుంది. సిప్ ట్రంకు, అంటే సిప్ పద్ధతిలో ఇచ్చే లైన్ల కట్ట, తీసుకుంటే ఇంటర్నెట్ మీదనే ఎన్ని కావాలంటే అన్ని దారులు అడిగి పెట్టించుకోవచ్చు, ఏడాదిలో రద్దీ ఉన్న నెలల్లో పెంచుకుని తర్వాత తగ్గించుకోవచ్చు. చిన్న ఆఫీసులకు కొత్త పద్ధతిలో ఉన్న అసలైన లాభం ఇదేనని నా అభిప్రాయం. మిగతావన్నీ అలంకారాలు.

వ్యవస్థల్లో రకాలను మీ వ్యాసం చక్కగానే వివరించింది కనుక వాటిని మళ్లీ చెప్పను. అయిదారుగురున్న చోటికి బయటివారే నడిపే క్లౌడ్ వ్యవస్థ సుఖం. చూసుకునే మనిషి ఆఫీసులోనే ఉండి, నలభై యాభై ఎక్స్‌టెన్షన్లు దాటితే ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే సొంత ఐపీ ఎక్స్‌చేంజి గురించి ఆలోచించవచ్చు. పాత ఇపిఎబిఎక్స్, అంటే గోడకు బిగించిన ఆ ఎక్స్‌చేంజి పెట్టె, బాగా నడుస్తుంటే దాన్ని పీకేయనక్కర్లేదు, గేట్‌వే అనే చిన్న పరికరంతో దానికి సిప్ లైన్లు తగిలించవచ్చు. ఈ మూడో మార్గాన్ని అమ్మకందారులు సాధారణంగా తమంతట తాము చెప్పరు.

కరెంటు గురించి మాత్రం వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. పాత రాగి లైనుకు విద్యుత్తు టెలిఫోను సంస్థ ఎక్స్‌చేంజిలోని 48 వోల్టుల బ్యాటరీలనుంచి ఆ తీగలోనే వచ్చేది. అందుకే ఆఫీసంతా చీకటైనా సాదా ఫోను మోగేది. ఎలక్ట్రానిక్ ఎక్స్‌చేంజి పెట్టెల్లో సైతం, కరెంటు పోయిన క్షణంలో ఒకటి రెండు బయటి లైన్లను నేరుగా ఏదో ఒక ఫోనుకు కలిపేసే ఏర్పాటు చాలావాటిలో ఉండేది. ఇంటర్నెట్ మీద నడిచే ఫోనుకు ఆ ఆసరా లేదు. బల్లమీది ఫోను, దానికి నెట్‌వర్క్ తీగ వచ్చే స్విచ్ అనే పెట్టె, రూటర్, ఫైబర్ చివర ఉండే పెట్టె, ఈ నాలుగింటికీ కరెంటు కావాలి, ఒక్కదానికి లేకపోయినా గొంతు లేదు. ఫోన్లకు విడివిడిగా ప్లగ్గులు పెట్టకుండా నెట్‌వర్క్ తీగలోనే విద్యుత్తు ఇచ్చే స్విచ్ కొని, ఆ స్విచ్‌నూ రూటర్‌నూ ఫైబర్ పెట్టెనూ ఒకే యూపీఎస్ కిందికి తేవడం దీనికి విరుగుడు. మా ఆఫీసులో మొదటిసారి కంప్యూటర్లకన్నిటికీ, ఫోన్ల స్విచ్‌కూ యూపీఎస్ పెట్టించి, మూలన అరలో ఉన్న ఫైబర్ పెట్టెను మరిచిపోయాం. కరెంటు పోయినప్పుడు ఫోన్ల తెరలు వెలుగుతూనే ఉన్నాయి, కాల్స్ మాత్రం లేవు. వెలుగుతున్న ఫోనును చూసి పాడైందని అనుమానించడం కష్టం. కారణం పట్టుకోవడానికి మాకు ఒక పూట పట్టింది.

గొంతు స్పష్టత విషయంలో "వేగవంతమైన ఇంటర్నెట్ ఉంటే చాలు" అని వ్యాసకర్త రాశారు. ఇది సరికాదు. మామూలు నాణ్యతగల ఒక సంభాషణకు 64 కిలోబిట్ల గొంతు, దాన్ని ప్యాకెట్లు అనే ముక్కలుగా పంపేటప్పుడు ఒక్కో ముక్కకు తగిలించే చిరునామాల కవర్ల బరువు కలిపి ప్రతి దిశలోనూ సెకనుకు 90 కిలోబిట్లు మించదు. పది సంభాషణలు కలిసినా ఒక మెగాబిట్‌కు లోపే. కాబట్టి సమస్య వేగం కాదు, ఆలస్యం. మన నోటినుంచి అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించి పట్టకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంఘం సిఫారసు. అది చాలా దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగడం మొదలవుతుంది. ఆలస్యం ఒకే తీరుగా లేకుండా హెచ్చుతగ్గులవుతుంటే మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి. సాధారణంగా దీనికి కారణం మన లోపలే ఉంటుంది. ఎవరో పెద్ద ఫైలు పైకి పంపుతుంటారు, లేదా సీసీ కెమెరాల దృశ్యాలు, కంప్యూటర్ల బ్యాకప్ పగటిపూటే బయటికి వెళుతుంటాయి. గొంతు ప్యాకెట్లకు ముందు దారి ఇవ్వాలని రూటర్‌లో చెప్పడం, ఫోన్లకు నెట్‌వర్క్‌లో విడి పాయ కేటాయించడం, బల్లమీది ఫోన్లను వైఫై మీద కాక తీగ మీద నడపడం, బ్యాకప్‌ను రాత్రికి మార్చడం చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. "మా మాట వారికి వినబడుతోంది, వారి మాట మాకు వినబడడం లేదు" అన్న ఫిర్యాదు వస్తే, రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం పనిచేస్తోందేమో ముందు చూడాలి. సాయం చేయడానికని పెట్టిన ఆ సదుపాయాన్ని ఆపేయగానే ఎన్నో చోట్ల గొంతు తిరిగి వచ్చింది.

దీనికి అనుబంధంగా ఒక చిన్న మాట. పాత టెలిఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే గొంతును మోస్తుంది. స, శ, ఫ వంటి ధ్వనుల బలం చాలావరకు అంతకుపైన ఉంటుంది, అందుకే పేర్లూ చిరునామాలూ ఫోనులో చెప్పేటప్పుడు ఒకటి అంటే మరొకటి రాసుకుంటాం. 7000 హెర్ట్జ్ వరకు మోసే జి.722 వంటి పద్ధతులు నేటి ఐపీ ఫోన్లలో ఉన్నాయి, కానీ రెండు చివరలా, మధ్య దారిలోనూ అదే పద్ధతి ఉంటేనే ఆ లాభం దక్కుతుంది. ఆఫీసులో ఎక్స్‌టెన్షన్‌నుంచి ఎక్స్‌టెన్షన్‌కు మాట్లాడి "ఆహా, ఎంత స్పష్టంగా ఉంది" అని మురిసి కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రదర్శన అయ్యాక బయటి నంబరుకు చేసి వినమనండి.

రికార్డు చేసిన స్వాగతం గురించి నాకు కొంచెం కటువైన అభిప్రాయమే ఉంది. పదిహేను మంది ఉన్న ఆఫీసుకు తొమ్మిది అంకెల మెనూ పెట్టడం, చిన్న గదికి ఆరు గుమ్మాలు పెట్టడం వంటిది. ఫోను చేసినవారికి మన విభాగాల పేర్లతో పనిలేదు, వారికి తమ పని తెలుసు. ఎవరైనా మనిషి ఎత్తగలిగిన వేళల్లో మనిషే ఎత్తడం మేలు. మెనూ తప్పనిసరైతే నాలుగు ఎంపికలకు మించకుండా, రెండో మెట్టు లేకుండా, ఏ అంకె నొక్కకపోయినా చివరికి ఒక మనిషి దగ్గరికే చేరేలా పెట్టాలి. అంకె ముందు చెప్పి పని తర్వాత చెప్పడం కూడా తప్పు. "బిల్లుల కోసం రెండు నొక్కండి" అంటే బిల్లుల మాట విన్నాక అంకె కోసం చెవి సిద్ధంగా ఉంటుంది. "రెండు నొక్కండి" అని మొదలుపెడితే పని పేరు వచ్చేసరికి అంకె మరిచిపోతాం. ఇంత చిన్న విషయం ఆ స్వాగతాన్ని రాసినవారికి తోచకపోవడానికి కారణం, వారు తమ ఆఫీసుకు తాము ఎన్నడూ బయటినుంచి ఫోను చేయకపోవడమే.

భద్రత గురించి క్లుప్తంగా చెప్పినా తప్పక చెప్పాలి. ఇంటర్నెట్‌కు తగిలించిన ఎక్స్‌చేంజి కోసం ప్రపంచం నలుమూలలనుంచీ దొంగ ప్రోగ్రాములు అనుక్షణం వెతుకుతూనే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ కూడా 101 అయితే అది కొద్ది నిమిషాల పని. అలా చొరబడినవారు మన మాటలు వినడానికి రారు. దూరదేశాల్లోని ఖరీదైన నంబర్లకు మన లెక్కలో గంటల తరబడి కాల్స్ చేసి, ఆ రాబడిలో వాటా తీసుకుంటారు. ఎక్కువగా వారాంతపు రాత్రుల్లో, అంటే సోమవారం ఉదయందాకా ఎవరూ చూడరన్న ధీమాతో. వాయిస్ మెయిల్‌కు కంపెనీ ఇచ్చిన నాలుగంకెల పిన్‌నే ఉంచేయడం కూడా ఇటువంటి తలుపే. అవసరం లేనివారికి విదేశీ కాల్స్ మూసేయడం, రోజుకింత అని ఖర్చు పరిమితి పెట్టించడం, ఎక్స్‌చేంజిని నేరుగా ఇంటర్నెట్‌కు చూపకుండా ఫైర్‌వాల్ వెనక ఉంచడం మొదటి రోజే చేయాల్సిన పనులు.

అత్యవసర నంబరు విషయం మరింత తీవ్రమైనది. చాలా ఆఫీసుల్లో బయటి లైనుకు ముందు సున్నాయో తొమ్మిదో నొక్కే అలవాటుంది. 2013లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఒక హోటల్ గదిలో తల్లిపై హత్యాదాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు అక్కడి అత్యవసర నంబరు 911కు నాలుగుసార్లు డయల్ చేసింది. ఒక్కటీ వెళ్లలేదు, ఎందుకంటే ఆ హోటల్ ఫోన్లలో బయటి కాల్‌కు ముందు మరో తొమ్మిది నొక్కాలి. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు. ఆ తల్లి పేరుమీద కారీ చట్టం 2018లో వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత అక్కడ పెట్టే బహుళ లైన్ల వ్యవస్థలన్నిటిలో ఏ అంకె ముందు చేర్చకుండానే అత్యవసర కాల్ వెళ్లాలి. చట్టం ఎక్కడున్నా లేకున్నా, ఆ అమరిక ప్రతి ఎక్స్‌చేంజిలోనూ చేయదగినదే. ఇంటినుంచి పనిచేసే ఉద్యోగి ఆఫీసు ఎక్స్‌టెన్షన్ నుంచి అత్యవసర కాల్ చేస్తే, సాయం ఆఫీసు చిరునామాకు వెళ్లే ప్రమాదం ఉందని కూడా వారికి ముందే చెప్పి ఉంచాలి.

చేతులు కాల్చుకున్నామని మొదట్లో రాశాను. అదేమిటంటే, మా రెండో వ్యవస్థను పెట్టిన సంస్థ, పేరు ఇక్కడ అనవసరం, పనిలో పనిగా మా ఆఫీసు ప్రధాన నంబరును కూడా తన ఖాతాలోకి మార్పించుకుంది. కాగితాల్లో అది "సౌలభ్యం కోసం" అని ఉంది, మేము చదవకుండా సంతకం చేశాం. ఇల్లు అలకగానే పండగ కాదని తర్వాత తెలిసింది. సేవలు నచ్చక మరో సంస్థకు మారదామంటే నంబరు మాది కాదన్నారు. లెటర్‌హెడ్ల మీద, బోర్డు మీద, వేలమంది ఖాతాదారుల ఫోన్లలో ఉన్న నంబరు అది. వాదించి, రాసి, ఎదురుచూసి తెచ్చుకున్నాం గానీ, ఆ వ్యవధిలో ఎంతమంది చేసి తిరిగిపోయారో ఏ లెక్కలోనూ లేదు. అప్పటినుంచి ఏ ఒప్పందమైనా నేను ముందు వెతికేది నంబరు ఎవరి పేరున ఉంటుంది, వెళ్లిపోయేటప్పుడు ఎన్ని రోజుల్లో వదులుతారు అన్న రెండు వాక్యాల కోసం. ఎక్స్‌చేంజి అడ్మిన్ పాస్‌వర్డ్, అమరికల బ్యాకప్ ఫైలు మన దగ్గర కూడా ఉండాలని మూడో వాక్యం చేర్పిస్తాను. కాల్స్ రికార్డు చేస్తే అవి ఎక్కడ నిల్వ ఉంటాయి, ఎవరు వినగలరు, అవతలివారికి ముందుగా చెబుతున్నామా అన్నది కూడా అదే కాగితంలో ఉండాలి.

రాగి లైన్లు తీసేయబోయేవారికి మరో హెచ్చరిక. ఆఫీసులో ఆ లైన్లు వాడేది ఫోన్లు మాత్రమే కాదు. లిఫ్టులోని అత్యవసర బటన్, అగ్నిప్రమాదపు అలారం, దొంగల అలారం, ఏ మూలనో ఉన్న ఫ్యాక్స్ యంత్రం, పాత కార్డు స్వైపింగ్ యంత్రం, వీటిలో ఏదైనా ఆ తీగ మీద ఆధారపడి ఉండవచ్చు. ఫ్యాక్స్ మామూలు ఇంటర్నెట్ కాల్ మీద తరచూ మధ్యలో తెగిపోతుంది, దానికి టి.38 అనే విడి పద్ధతి ఉండాలి. బ్రిటన్ పాత టెలిఫోను నెట్‌వర్క్‌ను 2025 చివరికి మూసేద్దామనుకుని, గడువును 2027 జనవరికి పొడిగించుకోవాల్సి రావడానికి ప్రధాన కారణం ఇటువంటి పరికరాలే, ముఖ్యంగా ఒంటరిగా ఉండే వృద్ధులు సాయం కోసం నొక్కే అలారాలు. అంత పెద్ద యంత్రాంగానికే అది పట్టుకోవడం కష్టమైంది. ఆఫీసులో ప్రతి తీగనూ చివరిదాకా వెంబడించి, ఏది దేనికి వెళుతుందో కాగితం మీద రాసుకున్నాకే రద్దు పత్రం మీద సంతకం చేయాలి.

సంపాదకులు గారికి నా విన్నపం ఒక్కటే. మీ వ్యాసంతోపాటు వేసిన పట్టికలో ప్రతి వ్యవస్థకూ ఎన్ని సదుపాయాలున్నాయో అంకెలు వేసి పోల్చారు. ఇకముందు అటువంటి పట్టిక ప్రచురించేటప్పుడు, జవాబు దొరకని కాల్స్‌నూ, లైను దొరకని కాల్స్‌నూ ఆ వ్యవస్థ (రెండోవాటి వివరం టెలిఫోను సంస్థనుంచి తెప్పించైనా) విడివిడిగా చూపగలదా అన్న ఒక్క వరుస కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను. మా ఆఫీసులో ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం జవాబు దొరకని కాల్స్ జాబితా నా బల్లమీదకు వస్తుంది. పోయిన వారం అందులో పంతొమ్మిది కాల్స్ ఉన్నాయి. వాటిలో పదకొండు మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ నడుమ వచ్చినవే. రిసెప్షన్‌లో ఉండే ఇద్దరూ ఒకేసారి భోజనానికి వెళుతున్నారని తేలింది. ఈ వారంనుంచి ఒకరి తర్వాత ఒకరు వెళుతున్నారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఆఫీసు పరిపాలనాధికారి